ఆశ్రయం ఇచ్చాం... ఇల్లు?

ఇశ్రాయేలీయుల దేశంలో ఆరు ఆశ్రయపురాలు ఏర్పాటు చేయమని దేవుడు ఆజ్ఞాపించాడు. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు అక్కడికి పారిపోవచ్చు. గవిని దగ్గర పెద్దలు అతని మాట వినాలి, ఊళ్లోకి చేర్చుకోవాలి, తమ మధ్య నివసించడానికి చోటివ్వాలి (యెహోషువ 20:4). చేతికి రక్తమంటినవాడికే దేవుడు ఇంత ఏర్పాటు చేస్తే, ఏ నేరమూ చేయకుండా తరిమివేయబడినవారి మాటేమిటి?

ఈ ప్రశ్న మన గడ్డమీదా తలెత్తింది. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లెపై దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు. తాగునీటి చెరువు దగ్గర రేగిన తగవే అందుకు మూలం. మిగిలినవారు కట్టుబట్టలతో చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. సరిహద్దు దాటకుండానే, సొంత జిల్లాలోనే వారు శరణార్థులయ్యారు. ఆ ఊరికి తిరిగి వెళ్లబోమన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు వారి పక్షాన నిలిచారు. చివరకు చీరాలలో విజయనగర్ కాలనీ వెలిసింది. సుప్రీంకోర్టు తీర్పు మాత్రం 2008 డిసెంబరులో గానీ రాలేదు. న్యాయం కోసం 23 ఏళ్లు ఎదురుచూడవచ్చునేమో గాని, ఇంటి కోసం అన్నేళ్లు ఆగగలమా?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైనప్పుడు కూడా, తెనాలికి చేరినవారికి సాల్వేషన్ ఆర్మీ ఆవరణ నీడనిచ్చింది. మందిరం తలుపులు తెరిచినందుకు దేవునికి స్తోత్రం. అయితే మందిరం ఆవరణ కొన్నాళ్లకే. ఇల్లంటే పట్టా, మంచినీళ్లు, రేషన్ కార్డు, పిల్లలకు బడి, దగ్గర్లో పని. పత్తి తీసి, మిరపకాయ కోసి బతికేవారికి చేను దూరమైతే కూడు దూరమైనట్టే. బబులోను చెరలో ఉన్నవారికి సైతం ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని దేవుడు యిర్మీయా చేత ఉత్తరం రాయించాడు (యిర్మీయా 29:5).

నేడు మన పట్టణాల్లో గది అద్దెకు అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న "మీరేమిట్లు?" అని. ఆదివారం బల్లారాధనలో ఒకే రొట్టెలో పాలుపొందే మనలో కూడా సోమవారం ఆ ప్రశ్న అడిగే ఇంటి యజమానులు ఉన్నారు. మొదట మారవలసింది అక్కడే. అడ్వాన్సు లేని కుటుంబానికి సంఘం చందాలో నుంచి కొంత అప్పుగా ఇవ్వవచ్చు. సంఘ పెద్ద ఒకరు వెంట వెళ్లి ఇంటివారి దగ్గర హామీగా నిలబడవచ్చు. చదువుకున్న యౌవనస్థులు తహసీల్దారు కార్యాలయానికి తోడు వెళ్లి, పట్టా చేతికందేదాకా తిరగవచ్చు. ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు, ఓపిక కావాలి.

ఐగుప్తు నుంచి తిరిగివచ్చిన యోసేపు, అర్కెలాయుకు భయపడి యూదయకు వెళ్లలేక, నజరేతులో కాపురముండెనని మత్తయి రాశాడు (2:22, 23). మన ప్రభువు పెరిగింది అలా దొరికిన ఇంట్లోనే. తరిమివేయబడి మన వీధికి వచ్చిన కుటుంబానికి కూడా ప్రార్థనతో పాటు ఒక తలుపు, దానికొక తాళంచెవి దొరికేలా చూద్దాం.