మోకాలి ఆపరేషన్ స్టిక్కర్లు పారేయకండి

‘మోకాలి చిప్పల మార్పిడి’ అంటాం గానీ, మార్చేది ముఖ్యంగా చిప్పను కాదండి. తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, రెంటి నడుమ పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. చిప్ప లోపలివైపు గుండీ లాంటిది అవసరమైతేనే.

ఇన్ని ముక్కలెందుకు? ఎముకలు చెక్కాక కీలు వదులో బిగువో ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది. అందుకే బిళ్లలు ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో పలు మందాల్లో చేస్తారు. డాక్టరు ముందు నమూనా బిళ్ల పెట్టి, కాలు మడిచి చాపి చూసి, సరిపడే మందం బిళ్లను పళ్లెంలో బిగిస్తారు. ఏళ్ల తర్వాత బిళ్ల అరిగినా, లోహం గట్టిగా ఉంటే ఒక్కోసారి బిళ్లనొక్కటే మార్చవచ్చు. అయితే ఇందులో చిక్కూ ఉంది. ఎంత బిగించినా బిళ్ల పళ్లెం మీద పిసరంత కదులుతుంది, అడుగువైపూ అరుగుతుంది. అందుకని కొన్ని రకాల్లో రెండూ కలిపి ఒకే ముక్కగా చేస్తారు.

బిగించే తీరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఒకరి బిళ్ల మరొకరి పళ్లెంలో కూర్చోదు. ఏ కంపెనీ, ఏ కొలత, ఏ బ్యాచ్ అన్నది ఆపరేషన్ కాగితాల్లోని స్టిక్కర్ల మీదే ఉంటుంది. మొన్న మన ఆరో తరగతి పిల్లవాడొకడు నాయనమ్మ స్టిక్కర్లు నోటుపుస్తకం అట్టకు అంటించుకొచ్చాడు! మెల్లగా ఊడదీసి ఆవిడకే పంపించాను. మీ ఇంట్లో ఉంటే ఫోటో కూడా తీసి పెట్టుకోండి.