పది లక్షల రికార్డుల్లో ఒక్క సర్వే నంబరు: ఇండెక్స్ చేసే మేలెంత?

నారాయణఖేడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కావచ్చు, మరొకటి కావచ్చు, పాతరోజుల్లో ఒక పొలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇవ్వాలంటే దస్తావేజులన్నీ తిరగేసేవారు కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 55వ సెక్షన్ దారి చూపింది. ఇండెక్స్ 1లో రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు. ఇండెక్స్ 2లో ఆస్తి వివరాలు. పేరు తెలిస్తే మొదటిది, సర్వే నంబరు తెలిస్తే రెండోది తెరిచి, అక్కడి నుంచి అసలు దస్తావేజు దగ్గరికి వెళ్లేవారు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘కార్డ్’ పథకంతో ఈ పని కంప్యూటర్ మీదికి వచ్చింది. కంప్యూటర్ వచ్చినా ఇండెక్స్ అవసరం మాత్రం పోలేదు.

భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో మండలం, గ్రామం, సర్వే నంబరు ఎంచుకుని వివరాలు చూస్తాం కదా. అలాంటి చిన్న వెబ్ యాప్ ఒకటి పైథాన్‌లో మీరే రాశారనుకోండి. దాన్ని క్లౌడ్‌లో, అంటే అద్దెకు తీసుకున్న దూరపు కంప్యూటర్‌లో పెట్టబోతున్నారు. లెక్క సులువుగా ఉండటానికి 10 లక్షల రికార్డులు, ఒక్కోటి 400 బైట్లు అనుకుందాం.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సమాచారాన్ని 8 కిలోబైట్ల పేజీలుగా దాస్తుంది. పేజీకి 20 రికార్డులు పడతాయి కాబట్టి మొత్తం 50,000 పేజీలు. ఇండెక్స్ లేకపోతే ఒక్క సర్వే నంబరు కోసం ఇవన్నీ చూడాలి. పేజీ తిప్పడానికి మనకు ఒక సెకను పడుతుందనుకుంటే దాదాపు 14 గంటల పని. కంప్యూటర్ వేగం వేరే అయినా, చూడాల్సిన పేజీల సంఖ్య మాత్రం మారదు.

ఇండెక్స్ ఉంటే? ఇండెక్స్ పేజీలో సుమారు 200 నమోదులు పడతాయనుకుందాం. పై పేజీ కింది 200 పేజీలకు దారి చూపుతుంది, వాటిలో ఒక్కొక్కటి మరో 200కు. మూడు అంచెల్లో 200 × 200 × 200, అంటే 80 లక్షల రికార్డుల దాకా సరిపోతుంది. మూడు ఇండెక్స్ పేజీలు, ఒక అసలు పేజీ చూస్తే చాలు. సెకనుకో పేజీ లెక్కన 4 సెకన్లు. ఈ అమరికను బీ-ట్రీ అంటారు. 1970ల తొలినాళ్లలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని రూపొందించారు.

“నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచిందే?” అని మీకు అనిపించవచ్చు. పరీక్ష కోసం మీరు పెట్టుకున్నవి 200 రికార్డులైతే అవి 10 పేజీలే. ఇండెక్స్ ఉన్నా లేకున్నా తేడా తెలియదు. క్లౌడ్‌లో రికార్డులూ పెరుగుతాయి, అడిగేవాళ్లూ పెరుగుతారు. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద నుంచి 50 మంది ఒకేసారి వెతికితే ఇండెక్స్ లేకుండా 25 లక్షల పేజీలు, ఉంటే 200 పేజీలు. ఆ భారానికి సర్వర్ చాలక పెద్దది తీసుకుంటే, ప్రతి నెలా అద్దె పెరుగుతుంది.

ఏ కాలమ్‌కు ఇండెక్స్ వేయాలి? జనం ఏమని అడుగుతారో దాన్నిబట్టి. మీ యాప్‌ను పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో రాసి ఉంటే, ప్రైమరీ కీకి, ఫారిన్ కీకి అది తనే వేస్తుంది; మిగిలినవి మీరు చెప్పాలి. మండలం, గ్రామం, సర్వే నంబరు కలిపి అడుగుతారు కాబట్టి మూడింటికీ ఒకే ఉమ్మడి ఇండెక్స్ వేయండి. అయితే వరుస ముఖ్యం. మండలం ముందున్న ఇండెక్స్, ఒట్టి సర్వే నంబరుతో వెతికేవారికి పెద్దగా సాయపడదు.

అలాగని అన్నింటికీ వేయకండి. పై లెక్కలో ఒక్క ఇండెక్స్‌కే దాదాపు 5,000 పేజీలు, అంటే 40 మెగాబైట్లు కావాలి; అసలు పట్టికలో పదో వంతు. పైగా అయిదు ఇండెక్సులుంటే కొత్త రికార్డు చేరినప్పుడల్లా ఆరు చోట్ల రాయాలి.

యాప్ నడుస్తుండగా ఇండెక్స్ వేయవచ్చా? వేయవచ్చు, కానీ మామూలు పద్ధతిలో అది పూర్తయ్యేదాకా ఆ పట్టికలో కొత్తగా ఏదీ రాయడం కుదరదు. పోస్ట్‌గ్రెస్‌లో ‘కన్‌కరెంట్లీ’ అన్న పదం చేర్చితే రాతలు ఆగవు, కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. జాంగోలో దీనికి ‘యాడ్‌ఇండెక్స్‌కన్‌కరెంట్లీ’ ఉంది. ఆ మైగ్రేషన్‌లో ‘అటామిక్’ను ‘ఫాల్స్’ చేయాలి.

2008 ఏప్రిల్‌లో పైథాన్‌తో మొదలైన గూగుల్ యాప్ ఇంజన్‌లో నియమం ఇంకా గట్టిది. అక్కడి డేటాస్టోర్‌లో తగిన ఇండెక్స్ లేకపోతే జవాబు ఆలస్యం కావడం కాదు, ఎర్రరే వస్తుంది. అందుకే ‘ఇండెక్స్ డాట్ యామల్’ ఫైల్‌ను ముందు పంపి, ఇండెక్స్ తయారయ్యాకే కొత్త కోడ్ పెట్టాలి.

ఇండెక్స్ పనిచేస్తోందని తెలిసేదెలా? క్వెరీకి ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ అని రాసి నడపండి. ‘సీక్ స్కాన్’ (సీక్వెన్షియల్ స్కాన్) అని వస్తే పట్టికంతా చదువుతోందని అర్థం. పట్టిక చిన్నదైతే అది సహజమే, తప్పేమీ కాదు. కాబట్టి ఉత్తుత్తి రికార్డులు లక్షల్లో నింపి పరీక్షించండి. క్లౌడ్‌కు పంపేముందు ఆ ఒక్క పూట వెచ్చిస్తే, పట్టా వివరాల కోసం పని మానుకుని వచ్చిన రైతు తెర ముందు పడిగాపులు పడాల్సిన అవసరం ఉండదు.