అంబాసిడరుపై మమకారం

బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాగా రూపొందిన అంబాసిడరు, కోల్‌కతా సమీపాన ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారైంది. అన్నేళ్ళలో దాని ఆకృతి పెద్దగా మారలేదు. పరిశ్రమలపై లైసెన్సుల నియంత్రణ సాగిన కాలంలో కారు కోరినవారు సొమ్ము చెల్లించి సంవత్సరాల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. అట్లా వచ్చిన బండి ఇంటి మనిషే అయ్యేది. పాత నమూనాలలో ముందు సీటు బల్లవలె ఏకంగా ఉండి, గేరు కడ్డీ స్టీరింగు చెంతనే అమరి ఉన్నందున డ్రైవరు ప్రక్కన ఇద్దరు సర్దుకొనేవారు. పిల్లలను ఎవరు లెక్కించారు కనుక! చెడిపోతే ఊళ్ళోని మెకానిక్కే బాగుచేసేవాడు. అయితే ఈ మమకారంలో గత్యంతరం లేకపోవడం కూడా కొంత ఉన్నదని నా అభిప్రాయం. 1983 డిసెంబరులో 796 సి.సి. ఇంజనుతో మారుతి 800 వెలువడగానే మధ్యతరగతివారు అటే మొగ్గారు. తెల్లని అంబాసిడరు మాత్రం అధికారుల వాకిళ్ళలో మరి కొన్ని దశాబ్దాలు నిలిచింది.