చలికాలములో సౌర విద్యుత్ బ్యాటరీల సంరక్షణ

విద్యుత్ తీగలు చేరుట కష్టమైన కొన్ని కొండ గూడెములలో నేడు సూర్యరశ్మియే దీపమునకు ఆధారము. ఇంటికప్పుపై నున్న పలక పగటి ఎండను విద్యుత్తుగా మార్చును. బ్యాటరీ దానిని దాచి రాత్రివేళ మనకందించును. విశాఖ మన్యమునందలి లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతములలో మార్గశిర పుష్యమాసములందు తెల్లవారుజామున వేడిమి 10 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువకు పోవుట సామాన్యము. అట్టి దినములలో దీపము పెందలకడనే మసకబారును. బ్యాటరీ పాడైనదని తలచి క్రొత్తదానికై సొమ్ము వెచ్చించుటకు ముందు, కారణము తెలిసికొనుట అవసరము.

ఇండ్లలో విరివిగా వాడు బ్యాటరీలలో సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లము ఉండును. వీని నడుమ జరుగు రసాయనిక చర్య వలన విద్యుత్తు లభించును. చలికి ఈ చర్య మందగించును. 25 డిగ్రీల వేడిమిలో 100 పాళ్ళు విద్యుత్తునిచ్చు బ్యాటరీ, 0 డిగ్రీలవద్ద సుమారు 80 పాళ్ళు మాత్రమే ఇచ్చును. దీనికి తోడు పొగమంచు వలన పలకకు ఎండ తగులుట ఆలస్యమగును. ఇట్లు రాబడి తగ్గును. దాచినది సయితము పూర్తిగా చేతికి రాదు.

ఖాళీ బ్యాటరీకి ముప్పు మరింత అధికము. నిండు బ్యాటరీలోని ఆమ్లము సున్నకు 50 డిగ్రీల దిగువకు పోయిన గాని గడ్డకట్టదు. ఖాళీ అయినదానిలో ఆమ్లము పలుచబడి, సున్నకు సుమారు 10 డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టగలదు. మన దేశమున లడఖ్‌లోని ద్రాస్ వంటి చోట్ల ఇట్టి చలి కలదు. మన్యములో అంత చలి లేకున్నను, దినముల తరబడి ఖాళీగా నుంచిన బ్యాటరీలో సీసపు పలకలపై గట్టి పొర యేర్పడి ఆయువు తగ్గును.

మరి వెచ్చగా ఉంచుట ఎట్లు? చలికుంపటిని మాత్రము బ్యాటరీ చెంతకు చేర్చరాదు. విద్యుత్తు నిండునపుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి 4 పాళ్ళు ఈ వాయువున్నను నిప్పురవ్వ సోకినంతనే ప్రేలగలదు. ఆమ్లము కన్నులలో చిందిన చూపే పోవచ్చును.

పగటి వెచ్చదనమును రాత్రి పోనీయకుండుటయే తగిన ఉపాయము. బ్యాటరీని వీధి అరుగుమీదగాని, బండల నేలమీదగాని ఉంచక, గాలి ఆడు గదిలో చెక్కపీటపై నుంచవలెను. చుట్టును చెక్కపెట్టె అమర్చి, ప్రక్కల సందులలో థర్మోకోలు పలకలు నిలుపవలెను. గడ్డి, ఊక నింపినచో ఎలుకలు చేరి తీగలు కొరుకును. వాయువు పోవుటకై పెట్టె పైభాగమున రంధ్రములుండవలెను. బ్యాటరీపై గుడ్డలు కప్పరాదు. వేసవి రాగానే ఈ పెట్టెను తొలగించవలెను. అధికమైన వేడిమియు బ్యాటరీ ఆయువును హరించును.

ఉదయమున పలకపై తేమను, ధూళిని తుడువవలెను. ఎండ చాలని దినములలో ఒక దీపము తగ్గించి వాడవలెను. లిథియం బ్యాటరీలు వాడువారు, సున్న డిగ్రీలకు దిగువన వానిలో విద్యుత్తు నింపరాదని గుర్తుంచుకొనవలెను. నింపినచో అవి శాశ్వతముగా చెడును.

ఒక చెక్కపెట్టె, కొంచెము శ్రద్ధ ఉన్నచో, చలిరాత్రులందును మన పిల్లల చదువుకు దీపము కొరవడదు.