లినక్స్ డెస్క్‌టాప్ వినియోగ సౌలభ్యం: తెలుగు డీటీపీ కేంద్రాల దృష్టితో పరిశీలన

కీలకపదాలు: లినక్స్, వినియోగ సౌలభ్యం, కీబోర్డు అమరిక, యూనికోడ్, నర్సంపేట.

1. ఉపోద్ఘాతం

నర్సంపేట వరంగల్ జిల్లాలోని రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఇటువంటి పట్టణాలలో అర్జీలు, దస్తావేజులు, శుభలేఖలు తయారుచేసే చిన్న డీటీపీ కేంద్రానికి కొత్త కంప్యూటరు కొనడం పెద్ద ఖర్చు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 వంటి అర్హతలు తప్పనిసరి కావడంతో, చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో దానికి పనికిరావు. వాటికి ఉచితంగా లభించే లినక్స్ ఒక ప్రత్యామ్నాయం. దానికి అలవాటు పడటంలో అసలు కష్టం ఎక్కడ ఉన్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వినియోగ సౌలభ్యం అంటే

ఐఎస్ఓ 9241-11 ప్రమాణం వినియోగ సౌలభ్యాన్ని కార్యసాధకత, సామర్థ్యం, సంతృప్తి అనే మూడు అంశాలతో నిర్వచిస్తుంది. నిర్దిష్ట వినియోగదారు, లక్ష్యం, సందర్భాలను బట్టే వీటిని కొలవాలి. కాబట్టి ‘లినక్స్ సులభమా?’ అన్న ప్రశ్న అసంపూర్ణం; ‘ఎవరికి, ఏ పనికి?’ అని కూడా అడగాలి. సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి డెస్క్‌టాప్‌లలో మెనూ, టాస్క్‌బార్ విండోస్‌ను పోలి ఉంటాయి. తెర మార్పు త్వరలోనే అలవాటవుతుంది. టైపిస్టు వేగం మాత్రం తెరలో లేదు, వేళ్లలో ఉంది.

3. చేతి అలవాటు

తెలుగు డీటీపీ రంగంలో అను ఖతులతో పాటు యాపిల్, మాడ్యులర్ వంటి కీబోర్డు అమరికలు స్థిరపడ్డాయి. ప్రభుత్వ ప్రామాణికం ఇన్‌స్క్రిప్ట్. లినక్స్‌తో ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే అందిస్తే, ఏళ్ల తరబడి సాధించిన వేగాన్ని టైపిస్టు ఒక్కసారిగా కోల్పోతాడు. ఐబస్ ద్వారా పనిచేసే ఎం17ఎన్ పద్ధతులలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌లతో పాటు యాపిల్ అమరిక కూడా ఉంది. అయితే పేరు ఒకటైనంత మాత్రాన ప్రతి మీటా ఒకేలా పనిచేస్తుందని భావించరాదు. వత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న ఒక పుట టైపు చేసి ముందుగా పరీక్షించుకోవాలి.

4. పాత ఫైళ్లు

అను ఖతులు అక్షరాన్ని కాక దాని ఆకార ఖండాలను నిల్వ చేస్తాయి. ఖతి లేకుంటే తెలుగు పాఠం ఆంగ్ల అక్షరాలు, గుర్తుల గజిబిజిగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనే పదం స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుడి అనే ఆరు సంకేతాల వరుస. ఆకారాన్ని కూర్చడం ఖతి పని. అందుచేత పాత ఫైళ్లను మార్పిడి సాధనంతో మార్చాక ప్రూఫు చూడటం తప్పనిసరి. పేజ్‌మేకర్ ఫైళ్లకు మరో చిక్కు ఉంది: ఆ సాఫ్ట్‌వేర్ లినక్స్‌పై నేరుగా పనిచేయదు. కొత్త పుటల రూపకల్పనకు స్క్రైబస్ ఉన్నా, దాని పద్ధతులు వేరుగా నేర్చుకోవలసిందే.

5. ముగింపు

స్వేచ్ఛ సంస్థ కృషి, సి-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ తెలుగు మెనూలకు బాట వేశాయి. అయితే డీటీపీ కేంద్రానికి మెనూ భాష కన్నా మీటల అమరిక, పాత ఫైళ్లు ముఖ్యం. కనుక ముందుగా ఉన్న విండోస్‌లోనే యూనికోడ్‌ను అలవాటు చేసుకోవాలి. ఆ తరువాత అదే కంప్యూటరులో రెండు వ్యవస్థలనూ ఉంచి, కొత్త పనిని లినక్స్‌లో చేయాలి. పాత ఫైళ్లను అవసరం వచ్చినప్పుడు మార్చుకోవాలి. ముద్రణాలయం అను ఫైళ్లనే కోరుతున్నంత కాలం ఆ పనికి ఒక విండోస్ యంత్రాన్ని, ఇంటర్నెట్‌కు కలపకుండా, వేరుగా ఉంచడం ఉచితం. టైపిస్టు చేతి నైపుణ్యాన్ని కాపాడే మార్పే నిలుస్తుంది.