మల్బరీ ఆకులోని ఔషధము: దేహములో దాని గమనము, కొలత

కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపుర జిల్లాలోని శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంతకు ప్రసిద్ధి గాంచినది. కన్నడముతోపాటు తెలుగును వ్యవహారమునందున్న ఈ సీమలో మల్బరీ ఆకు పట్టుపురుగుల మేత. చైనా, జపాను దేశములందు అదియే చిరకాలముగా మనుష్యుల ఔషధము. ఇటీవల మన అంగళ్ళలోను మధుమేహమునకు మంచిదని దాని పొడి అమ్ముడుపోవుచున్నది. అయితే ఆకులోని మందు దేహమున ఎంత చేరును, ఎచ్చటికి పోవును అనునది తెలియనిదే మోతాదు నిర్ణయింప వీలుకాదు.

ఆ మందు పేరు డీఆక్సీనోజిరిమైసిన్. 1976లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని మల్బరీ వేరు బెరడునుండి వేరుచేసి మొరనోలిన్ అని పేరిడిరి. రూపమున ఇది గ్లూకోజును పోలియుండును. గ్లూకోజు వలయములో ఆక్సిజన్ ఉన్నచోట దీనికి నైట్రోజన్ కలదు. చిన్నప్రేవు గోడయందు పిండిపదార్థమును, చక్కెరను తుదకు విడగొట్టు ఎంజైములు ఈ మారువేషమునకు మోసపోయి దీనిని పట్టుకొనును. అంతట వాని పని మందగించును. భోజనానంతరము రక్తమున చక్కెర ఒక్కుమ్మడిగా పెరుగదు.

దీనిని రక్తములో కొలుచుట సులభము కాదు. ఔషధములను స్తంభముగుండ ప్రవహింపజేసి వేరుపరచి, అవి అతినీలలోహిత కాంతిని ఎంత మ్రింగునో చూచుట సాధారణపద్ధతి. ఈ అణువునకు ఆ కాంతిని మ్రింగు భాగమే లేదు. నీటియందు మిక్కిలి కరగుటచే సామాన్యస్తంభములో నిలువక జారిపోవును. అందుచే కాంతిని గ్రహించు మరియొక అణువును దీనికి తగిలించియో, నీటిని ప్రేమించు అణువులను నిలుపు ప్రత్యేకస్తంభమున వేరుచేసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించు యంత్రమునకు పంపియో కొలుచుదురు. 2007లో జపానులో ఎలుకలపై ఈ రెండవ రీతిని ప్రయోగించిరి. నోటిద్వారా ఇచ్చిన మందు మార్పు చెందకయే రక్తమున చేరెను. సుమారు అరగంటకు అత్యధికస్థాయినంది, పిదప త్వరగా దేహమును విడిచెను.

మనుష్యుల విషయమున దీని తోబుట్టువనదగిన మిగ్లిటాల్‌ను గూర్చిన లెక్కలు స్పష్టముగా ఉన్నవి. దీనిని పోలిన నిర్మాణముగల ఆ మందునకు 1996లో అమెరికాలో అనుమతి లభించెను. 25 మిల్లీగ్రాములిచ్చిన అంతయు శోషింపబడును. 100 మిల్లీగ్రాములిచ్చిన 50 నుండి 70 శాతమే. వ్యాప్తిని కొలుచు ఉపాయమును శిడ్లఘట్టలో పట్టుదారము తీయువారు ఇట్టే గ్రహింపగలరు. తొట్టిలో తెలిసిన తూకము రంగు కలిపి, చెంచాడు నీటిలోని రంగును కొలిచినచో తొట్టిలోని నీరెంతయో లెక్కకు వచ్చును. మిగ్లిటాల్‌కు ఈ లెక్క కిలో దేహభారమునకు 0.18 లీటరు, 60 కిలోల మనిషికి సుమారు 11 లీటర్లు. దేహమందలి మొత్తము నీరు ఇందుకు మూడింతలకు పైన. అనగా మందు ప్రధానముగా కణముల వెలుపలి నీటియందే తిరుగును. పిదప రూపు మారకయే మూత్రపిండముల ద్వారా వెడలును. అవి దుర్బలమైనవారి రక్తమున ఇది నిలిచి పెరుగును.

ఇచ్చట ఒక విపరీతము కలదు. రక్తమున ఎక్కువగా చేరు మందే మేలైనదని సామాన్యముగా తలంతురు. మిగ్లిటాల్ పనిచేయుచోటు ప్రేవు; రక్తమున చేరిన భాగము గుణమునకు తోడ్పడుననుటకు ఆధారము లేదు. కావున రక్తపు లెక్క దేహమున నిలువ ఎంతయో చెప్పునే గాని, గుణమెంతయో చెప్పదు. గుణము తెలియవలెనన్న భోజనానంతరపు చక్కెరనే కొలువవలెను.

ఆ కొలతయు జరిగినది. 2007లో ప్రకటింపబడిన జపాను పరిశోధనలో, ఈ ద్రవ్యము 1.5 శాతముండునట్లు ప్రత్యేకముగా సిద్ధపరచిన పొడిని ఆరోగ్యవంతులకు చక్కెరతో ఇచ్చిరి. 0.8 గ్రాము, అనగా 12 మిల్లీగ్రాముల మందు, రక్తపు చక్కెర పెరుగుదలను తగ్గించినది. అయితే అంగడి పొడులలో ఈ ద్రవ్యము 0.1 శాతము మాత్రమే ఉండుటయు కలదు. అట్టి పొడి రెండు గ్రాముల చెంచాడులో చేరునది రెండు మిల్లీగ్రాములే; పన్నెండు కావలెనన్న పన్నెండు గ్రాముల పొడి వలయును. చెంచా లెక్కను నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానుట ప్రమాదము. వానితో కలిపి మోతాదు తెలియక మ్రింగుటయు క్షేమము కాదు.

ముదురాకులో కంటె చిగురుటాకులో ఈ ద్రవ్యము అధికము. చాకీ పురుగులకు తరిగి వేయునది ఆ లేతాకే. మల్బరీ పాలలోని ఈ జాతి ద్రవ్యములు ఇతర గొంగళిపురుగులకు విషము. పట్టుపురుగు చక్కెర ఎంజైము మాత్రము ఈ మారువేషమునకు లొంగదు. తిన్న ఆకులోని మందు ఆ పురుగు దేహములోనే పోగగునని కొలతలు తెలిపినవి.