ఫోస్టర్ కేర్ పిల్లల మానసిక వైద్యం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో కన్నవాళ్ల దగ్గర క్షేమంగా ఉండలేని పిల్లలను ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుని, కొంతకాలం మరో కుటుంబానికి అప్పగిస్తుంది. అదే ఫోస్టర్ కేర్. హింస, నిర్లక్ష్యం చవిచూసి నిద్రలో ఉలిక్కిపడే పిల్లలకు, తమను తామే గాయపరచుకునే పిల్లలకు కూడూ గూడూ మాత్రమే చాలవు. వాళ్లను ప్రత్యేక శిక్షణ పొందిన కుటుంబాల్లో ఉంచి చికిత్స ఇప్పించే ఏర్పాటు థెరప్యూటిక్ ఫోస్టర్ కేర్. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి, అలాంటి బిడ్డను చేరదీయాలనుకునే తెలుగు దంపతులకు వెంటనే వచ్చే సందేహం వైద్యం ఖర్చు గురించే. ఆ ఖర్చు భరించే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్. ఈ వైద్యం చుట్టూ అల్లుకున్న అపోహలివి.

అపోహ: మా జీతాలు ఎక్కువ కాబట్టి బిడ్డకు మెడికెయిడ్ రాదు.

వాస్తవం: పెంచే కుటుంబం ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు. టైటిల్ ఫోర్-ఈ అనే ఫెడరల్ సాయం కింద ఉన్న పిల్లలకు మెడికెయిడ్ ఇవ్వడం ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి. ఆ సాయం పరిధిలోకి రాని ఫోస్టర్ పిల్లల్లోనూ దాదాపు అందరికీ వేరే మార్గాల్లో మెడికెయిడ్ అందుతుంది. టెక్సస్‌లో వీరి కోసమే 2008 నుంచి స్టార్ హెల్త్ అనే ప్రత్యేక పథకం నడుస్తోంది.

అపోహ: మెడికెయిడ్ అంటే జ్వరానికీ టీకాలకూ మాత్రమే, మానసిక చికిత్సకు పనికిరాదు.

వాస్తవం: 21 ఏళ్లలోపు వారికి మెడికెయిడ్‌లో ఈపీఎస్‌డీటీ అనే రక్షణ ఉంది. 1967లో మొదలైన దీన్ని 1989లో బలపరిచారు. పరీక్షలో బయటపడిన సమస్యకు వైద్యపరంగా అవసరమైన చికిత్స, మెడికెయిడ్ చట్టం గుర్తించిన సేవల్లో ఉంటే చాలు, అది పెద్దలకు ఆ రాష్ట్రం ఇవ్వనిదైనా సరే, పిల్లలకు ఇచ్చి తీరాలి. కౌన్సెలింగ్, సైకియాట్రిస్టు వైద్యం కూడా ఇందులోకే వస్తాయి.

అపోహ: మెడికెయిడ్ కార్డు ఉంటే థెరప్యూటిక్ ఫోస్టర్ కేర్ దానంతటదే దక్కుతుంది.

వాస్తవం: ఈ రెండు అర్హతలూ వేరు. కార్డు రావడానికి బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉండటమే ప్రధానం. థెరప్యూటిక్ ఇంటికి చేర్చాలంటే ఆ స్థాయి అవసరం ఉందని మదింపులో తేలాలి. టెక్సస్‌లో 3 నుంచి 17 ఏళ్ల పిల్లలకు, సంరక్షణలోకి వచ్చిన 30 రోజుల్లోగా క్యాన్స్ అనే మదింపు చేయాలి. నిబంధనలు, పేర్లు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆ ఇంట్లో చేరాక కూడా మెడికెయిడ్ చికిత్సకే చెల్లిస్తుంది. తిండి, వసతి ఖర్చు శిశు సంక్షేమ నిధుల నుంచి రావాలి.

అపోహ: మందులు రాయిస్తే చాలు, పిల్లవాడు కుదురుకుంటాడు.

వాస్తవం: ఈ పిల్లల గాయం మనుషుల వల్ల కలిగింది. మానాలంటే థెరపీ కావాలి, ఓపికగా తోడుండే మనిషి కావాలి. మానసిక మందుల వాడకంపై రాష్ట్రాలు నిఘా ఉంచాలని 2011 నాటి ఫెడరల్ చట్టం ఆదేశించింది. టెక్సస్‌లో కోర్టు అనుమతితో నియమితులైన మెడికల్ కన్సెంటర్ అంగీకరిస్తేనే ఈ మందులను మొదలుపెట్టాలి.

అపోహ: సేవ నిరాకరిస్తే చేసేదేమీ లేదు.

వాస్తవం: నిరాకరణకు కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలి. ముందు మెడికెయిడ్ సేవలు అందించే ఇన్సూరెన్స్ ప్లాన్‌కు అప్పీలు చేయవచ్చు. అక్కడా కాదంటే రాష్ట్రస్థాయి విచారణ (ఫెయిర్ హియరింగ్) కోరవచ్చు. గడువు నోటీసులోనే ఉంటుంది; దాన్ని దాటనివ్వకండి.

అపోహ: 18 నిండితే, లేదా దత్తత వెళితే కవరేజీ పోతుంది.

వాస్తవం: 18 ఏళ్లు నిండేనాటికి ఫోస్టర్ కేర్‌లోనూ మెడికెయిడ్‌లోనూ ఉన్నవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా 26 ఏళ్లు వచ్చేవరకూ మెడికెయిడ్ అందుతుంది. 2023 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ 18 నిండినవారు వేరే రాష్ట్రానికి మారినా ఈ హక్కు వారితోనే ఉంటుంది. టైటిల్ ఫోర్-ఈ దత్తత సాయం పొందే పిల్లలకూ మెడికెయిడ్ కొనసాగుతుంది.

బిడ్డ ఇంటికి రాకముందే కేస్‌వర్కర్‌ను అడగండి: కార్డు అమల్లో ఉందా, మదింపు ఎప్పుడు, ఇప్పటి థెరపిస్టు కొనసాగుతారా, మందులకు అంగీకారం ఎవరిది? చట్టం ఈ హక్కును బిడ్డ పేరనే రాసింది. ఆ బిడ్డ తరఫున పట్టుబట్టి అడగవలసింది పెంచే పెద్దలే.